బల్డర్స్ గేట్ 3: పాలడిన్, సోర్సరర్ కలిపి ఆడితే

బల్డర్స్ గేట్ 3 అనే ఫాంటసీ వీడియో గేమ్‌ని మొదటిసారి ఒకే క్లాస్‌తో (పాత్ర చేసే వృత్తి లాంటిది) చివరిదాకా ఆడేశాను. కథ బాగుంది. కానీ ఈ ఆట నన్ను కట్టిపడేసింది మాత్రం రెండోసారి, మల్టీక్లాసింగ్ (ఒకే పాత్ర లెవెళ్లని రెండు క్లాసులకి పంచడం) మొదలుపెట్టాకే.

పాలడిన్ అంటే ప్రమాణం చేసిన పవిత్ర యోధుడు, సోర్సరర్ అంటే పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్నవాడు. ఇద్దరికీ మంత్రాలు నడిచేది కరిజ్మా (వ్యక్తిత్వ బలం) అనే గుణం మీదే. పైగా సోర్సరర్ తెచ్చే స్పెల్ స్లాట్లన్నీ (మంత్రాలకి ఖర్చుపెట్టే కోటా) పాలడిన్ కత్తికి పనికొస్తాయి. దెబ్బ తగిలాక డివైన్ స్మైట్‌కి (ఆ దెబ్బకి దైవశక్తి జోడించే పాలడిన్ విద్య) ఫస్ట్ లెవెల్ స్లాట్ ఖర్చుపెడితే ఎనిమిది ముఖాల పాచికలు రెండు దెబ్బకి అదనం, స్లాట్ పెద్దదయ్యేకొద్దీ ఇంకోటి.

ఆత్రం కొద్దీ పాలడిన్ 3 దగ్గరే ఆపి, తర్వాతి రెండు లెవెళ్లూ సోర్సరర్‌కి ఇచ్చేశాను. అక్కడే దెబ్బతిన్నాను. ఐదో లెవెల్లో మన జట్టులోని ఫైటర్ లేజెల్ టర్న్‌కి రెండుసార్లు కొడుతుంటే పక్కనే నా పాలడిన్ ఒక్క దెబ్బ వేసి ఆగిపోయాడు. ఎక్స్‌ట్రా అటాక్ (ఆ రెండో దెబ్బ) కావాలంటే మొత్తం లెవెల్ ఐదైతే చాలదు, ఆ క్లాస్‌లోనే ఐదు ఉండాలి. ఫీట్ (పాత్రకి ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) కూడా అంతే, క్లాస్‌లో నాలుగుకి గానీ రాదు.

క్యాంప్‌లో ఉండే విదర్స్ అనే పాత్రకి ఆటలోని 100 గోల్డ్ ఇచ్చి క్లాస్ లెవెళ్లని మొదటి నుంచీ మార్చుకున్నాను. ఈ సౌకర్యం ఉండబట్టే ధైర్యంగా ప్రయోగాలు చేయగలిగాను. ముందు పాలడిన్ 6 (ఆ ఆరో లెవెల్ ఆరా పక్కనున్నవాళ్ల సేవింగ్ త్రోలకి (శత్రు మంత్రాల నుంచి తప్పించుకునేందుకు వేసే పాచికలకి) కూడా మన కరిజ్మా కలుపుతుంది, వదులుకోకండి), ఆ తర్వాత సోర్సరర్ 6. మొదలు పాలడిన్‌తోనే పెట్టాలి, లేకపోతే హెవీ ఆర్మర్ రాదు.

సోర్సరర్ మూడులో క్వికెన్డ్ స్పెల్ (మంత్రాన్ని బోనస్ యాక్షన్‌తో, అంటే టర్న్‌లో దొరికే అదనపు చిన్న అవకాశంతో వేయనిచ్చేది) తీసుకున్నాక ఆట తీరే మారిపోయింది. బోనస్ యాక్షన్‌తో శత్రువుని కదలకుండా చేసే హోల్డ్ పర్సన్ మంత్రం వేస్తాను. శత్రువు బిగుసుకుపోయాడా, దగ్గర్నుంచి తగిలే ప్రతి దెబ్బా క్రిటికల్. స్మైట్ పాచికలు కూడా రెట్టింపు. అలాంటివి ఒకే టర్న్‌లో రెండు! మనుషుల్లాంటి శత్రువుల మీదే పనిచేస్తుంది, అదొక్కటే లోటు.

ఈ ఆటకి మూలమైన, టేబుల్ మీద ఆడే డీఅండ్‌డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్‌లో ఈ కలయికకి స్ట్రెంత్ (బలం), కరిజ్మా రెండూ కనీసం 13 ఉండాలి. ఇక్కడ ఆ షరతు లేదు. ఎక్స్‌ప్లోరర్ అనే సులువైన మోడ్‌లో మాత్రం మల్టీక్లాసింగే ఉండదు, చూసుకుని మొదలుపెట్టండి.

పాత్ర మొత్తం లెవెల్ 12 దాటి పెరగదు కాబట్టి పాలడిన్ 11లో వచ్చే ఇంప్రూవ్డ్ డివైన్ స్మైట్‌నీ, సోర్సరర్ పెద్ద మంత్రాలనీ వదులుకోక తప్పదు. అందుకే పాలడిన్ 2, సోర్సరర్ 10 కూడా ఆడి చూశాను. స్లాట్లు బోలెడు, కానీ రెండో దెబ్బ లేదు. నాలుగు ఫైట్లయ్యాక మళ్లీ విదర్స్‌కి 100 గోల్డ్ ఇచ్చి 6-6కి వచ్చేశాను.