ఫార్మాట్ చేయకుండానే ప్రాసెసర్ మార్చి ఇచ్చారు

రాజోలులో నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి శుభలేఖలు, ఓణీల వేడుక ఫ్లెక్సీలు, మాఘమాసం వస్తే అంతర్వేది తీర్థానికి స్వాగత బ్యానర్లు. కంప్యూటర్ 2018లో కొన్నది, అందులో ప్రాసెసర్ రైజెన్ 3 2200జి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పోనీ 11కి మారదామంటే నా ప్రాసెసర్ వాళ్ల జాబితాలోనే లేదు. మదర్‌బోర్డు బి450 రకం కాబట్టి, ప్రాసెసర్ కూర్చునే అదే సాకెట్‌లో రైజెన్ 5 5600జి పెట్టుకోవచ్చని తెలిసి, వాడినది ఒకటి సంపాదించాను.

మొదట అడిగిన కొట్టులో, ప్రాసెసర్ మారిస్తే విండోస్ మళ్లీ వేయాల్సిందేనని తేల్చేశారు. ఫార్మాట్‌కూ డేటా కాపీకీ కలిపి 1,500 అన్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్‌కు కుదుర్చుకున్న రంగులు మళ్లీ సర్దుకోవాలంటే నాకు వారం పడుతుంది. ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి.

అలా పాలకొల్లులోని ఈ కొట్టుకు వచ్చాను. మావారి బండి వెనుక కూర్చుని, పాత దుప్పటిలో చుట్టిన సీపీయూను ఒళ్లో పెట్టుకుని చించినాడ వంతెన దాటాను. మనం ఆ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం గానీ, అసలు సీపీయూ బిస్కట్టంత ఉంటుందని ఆ రోజే చూశాను.

“ఫార్మాట్ ఎందుకండీ?” అన్నారు కొట్టు ఆయన. “విండోస్ ఉండేది డిస్కులో. కొత్త ప్రాసెసర్‌ను అదే గుర్తుపడుతుంది. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక కోరు (ప్రాసెసర్‌లో పని చేసే భాగం) నుంచి రెండు కోర్లకు మారితే పేచీ పెట్టేది, ఆ భయం ఇంకా పోలేదు. బోర్డు మార్చామనుకోండి, అప్పుడు లైసెన్సు మళ్లీ అడగవచ్చు. మీరు బోర్డు మార్చడం లేదు కదా.”

అయితే వెంటనే మూత విప్పలేదు. ముందు బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం, ఉందేమో చూశారు. అది ఉండి, 48 అంకెల రికవరీ కీ దగ్గర లేకపోతే ప్రాసెసర్ మార్చాక డిస్కు తెరుచుకోకపోవచ్చట. నా దాంట్లో లేదు. తర్వాత పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్‌ను, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డులోని ప్రోగ్రామ్‌ను, అప్‌డేట్ చేశారు, ఎందుకంటే పాత బయాస్‌కు 5600జి ఎవరో తెలియదు. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోయే ప్రమాదం ఉందని ఇన్వర్టర్ మీద పెట్టి చేశారు. మా కోనసీమ కరెంటు తెలిసినదాన్ని, ఆ ఒక్క జాగ్రత్తకే ఆయన మీద గురి కుదిరింది. ప్రాసెసర్ వేడిని తీసుకునే లోహపు దిమ్మె, హీట్‌సింక్‌ను కూడా గట్టిగా లాగలేదు. యంత్రాన్ని కాసేపు నడిపి, ఆపి, రెంటికీ మధ్య ఉండే పేస్టు వెచ్చగా ఉండగా మెల్లగా తిప్పి తీశారు. ఈ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, లాగితే దాంతోపాటు ఊడివచ్చి వంగిపోతాయట. ఫ్యాను కింద పేరుకున్న చీమల మట్టిని బ్రష్షుతో దులిపారు, దానికి పైసా అడగలేదు.

ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండి రహస్య తాళాలు దాచే భాగం) మారిందంటూ ఒక ప్రశ్న వచ్చింది. ఆయన వై నొక్కారు. ఒకసారి రీస్టార్ట్ అయింది. అంతే, నా డెస్క్‌టాప్, సగంలో ఉన్న శుభలేఖతో సహా, ఎక్కడివక్కడే! విండోస్ లైసెన్సు యాక్టివేషన్ కూడా చెక్కుచెదరలేదు. ఇంటికొచ్చాక ఉన్న విండోస్ పైనుంచే 11కి మారాను, ఫైళ్లన్నీ ఉన్నాయి. నాలుగు కోర్ల స్థానంలో ఇప్పుడు ఆరు. పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరుచుకునేలోపు టీ తాగే అలవాటు పోయింది.

ఒక స్టార్ మాత్రం తగ్గిస్తున్నాను. ఎఫ్‌టీపీఎం రీసెట్ చేస్తే విండోస్‌లోకి వెళ్లడానికి కొట్టే పిన్ నంబరు పనిచేయదని ముందే చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ నాకు గుర్తులేదు. ఫోనుకు కోడ్ తెప్పించుకుని మార్చుకునేసరికి అరగంట పట్టింది, అదీ నిలబడే, ఎందుకంటే కొట్టులో ఉన్న ఒక్క కుర్చీలో ఎవరిదో ప్రింటర్ ఉంది. మీరు వెళితే పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకుని వెళ్లండి.

కూలి 500 తీసుకున్నారు. పాత ప్రాసెసర్‌ను కొంటామన్నారు గానీ ఇవ్వబుద్ధి కాలేదు. రబ్బరు బ్యాండ్ వేసిన డబ్బాలో, శుభలేఖల నమూనాల సొరుగులో ఉంది.