సెమిలిగుడ టైర్ల కొట్టు: మైలేజీ కావాలా, గ్రిప్ కావాలా?

అయిదుకి నాలుగు మార్కులు. ఆ పోయిన ఒకటీ ఎందుకో కింద చెప్తాను.

మేముండేది ఒడిశాలోని సునాబెడ, అమ్మావాళ్లది విజయనగరం. మా వేగనార్ ఎక్కువగా తిరిగేది 26వ నంబరు జాతీయ రహదారి మీదే. సెమిలిగుడ, పొట్టంగి, సుంకి, అక్కణ్ణుంచి ఘాట్ దిగితే సాలూరు. మా సునాబెడ వైపు దగ్గర దగ్గర మూడు వేల అడుగుల ఎత్తు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకి పడిపోయే రోజులుంటాయి, పొట్టంగి వైపు గడ్డి తెల్లబడుతుంది. సాలూరు చేరేసరికి స్వెట్టర్ తీసి వెనక సీట్లో పడేయాలి. వానాకాలం సంగతి వేరు. మలుపుల దగ్గర లారీల డీజిల్ కారి, దాని మీదకి ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డంతా జారుడే. ఈ రెండు కాలాలకీ పనికొచ్చే టైర్లు కావాలి నాకు.

కొట్టుకి వెళ్లకముందే మా తమ్ముడి సలహాలు మొదలయ్యాయి. వాడుండేది మాంట్రియల్. "అక్కా, వింటర్ టైర్లు వేయించుకో. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పలుకు బొమ్మ ఉంటుంది, అది చూసి తీసుకో" అని ఫొటో కూడా పంపాడు. వాళ్ల క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఆ టైర్లు లేకుండా కారు నడిపితే జరిమానా. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్తే పట్టు తగ్గడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది, పైగా బటన్ల (రోడ్డుకి ఆనే రబ్బరు ముక్కల) మీద సన్నని చీలికలు బోలెడు ఉంటాయి, వాటి అంచులు మంచుని పట్టుకుంటాయి.

మా పక్కింటివాళ్ల పెద్ద బండి టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని ఉంది, అది చాలదా అని అడిగాను. అది బటన్ల తీరుని బట్టి కంపెనీవాళ్లు తామే వేసుకునే గుర్తు, కొండ బొమ్మ వేయాలంటే మాత్రం మంచు మీద పరీక్ష నెగ్గాలి అన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందని ధీమాగా తిరిగేవాళ్లంటే వాడికి మంట. కదలడానికి అది పనికొస్తుంది గానీ, బ్రేకు వేసినప్పుడు ఆపాల్సింది టైరే కదా అంటాడు. నిజమే.

ఇక కొట్టు. సెమిలిగుడ నుంచి కోరాపుట్ వెళ్లే రోడ్డులో, ముందు పాత లారీ టైర్లు గుట్టగా పేర్చి ఉంటాయి, గుర్తుపట్టొచ్చు. యజమాని బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, అందరికీ బాబాయే. ఫొటో చూసి, "ఇది మన దగ్గర దొరకదమ్మా. దొరికినా నేను వెయ్యను" అన్నారు. ఆ మెత్త రబ్బరు ఏప్రిల్ ఎండలో సాలూరు రోడ్డు మీద ఎరేజరులా అరిగిపోతుందట, వేడి రోడ్డు మీద బ్రేకు కూడా ఆలస్యంగా పడుతుందట. "గడ్డి మీద ఎంత తెల్లగా ఉన్నా మన రోడ్డు గడ్డకట్టదు తల్లీ. మనకి చలి తెల్లారగట్ల రెండు మూడు గంటలే. వానా, ఎండా చూసుకుని కొనుక్కోవాల."

తర్వాత ఒక్కటే ప్రశ్న: "మైలేజీ కావాలా, గ్రిప్ కావాలా?"

మా సైజు 165/70 ఆర్ 14లో రెండు రకాలు దొర్లించుకొచ్చి పక్కపక్కన నిలబెట్టారు. గోరుతో నొక్కి చూడమన్నారు. ఒకదాని మీద గోరు దిగనే లేదు. అది మైలేజీ రకం. గట్టి రబ్బరు, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, ఇంధనం కాస్త కలిసొస్తుంది, తడి రోడ్డు మీద మాత్రం అంత నమ్మలేం. రెండోది కొంచెం మెత్తన, చుట్టూ వెడల్పాటి గాళ్లు. నిలిచిన నీళ్ల మీద వేగంగా వెళ్లినప్పుడు ఆ నీళ్లని బయటికి తోసేవి ఈ గాళ్లే. అవి అరిగితే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. ఘాట్‌లో మనం వెళ్లేదే నెమ్మదిగా, అక్కడ రబ్బరే ముఖ్యం. గాళ్లు పనికొచ్చేది సాలూరు దాటాక తిన్నని రోడ్డులో. నేను రెండోదే తీసుకున్నాను. ధరలో తేడా పెద్దగా లేదు.

ఆయనలో నాకు నచ్చింది ఇంకోటుంది. మావారు పక్కనే ఉన్నా, "నడిపేది మీరే కదా, మీరు చూడండి" అని నన్నే కిందికి వంగి పాత టైరు చూడమన్నారు. గాళ్ల అడుగున చిన్న దిమ్మ ఉంటుంది, దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు దానితో సమానంగా అరిగిందంటే చట్టప్రకారం దాని పని అయిపోయినట్టే. వానలో ఘాట్ దిగేవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలన్నది బాబాయ్ లెక్క. ఎడమ ముందు టైరు లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిపోయింది. అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉండే అమరిక, పోయిందన్నమాట.

తయారీ తేదీ మాత్రం నేనే చూశాను. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. మూడు ఒకే తేదీవి, నాలుగోది పాత స్టాకు. చెప్పగానే వాదించకుండా పైనుంచి ఇంకోటి దింపించారు. బిగించిన కుర్రాడు ఒడియావాడు, ప్రతి మాటకీ "ఆజ్ఞా" (మన "చిత్తం" లాంటిది) అంటాడు, పని మాత్రం చకచకా. రిమ్ముకి సబ్బునీళ్లు పూసి గాలి కొట్టి, టప్పుమని టైరు కూర్చున్నాక వాల్వు మీద కూడా రెండు చుక్కలు వేసి బుడగలొస్తున్నాయేమో చూశాడు.

ఇక ఆ పోయిన మార్కు. అలైన్‌మెంట్ మిషన్ లేదు, దానికి జయపురం వెళ్లాల్సొచ్చింది. కూర్చోడానికి ఒక స్టూలు కూడా లేదు. పక్కా బిల్లు అడిగితే మొహం ముడుచుకున్నారు. అడిగి తీసుకోండి, అది లేకపోతే రేపు వారంటీ అడగలేం.

వానల్లో సుంకి మలుపులు దిగుతుంటే తేడా తెలుస్తోంది. బ్రేకు వేస్తే వెనక భాగం పక్కకి జరుగుతుందేమోనన్న టెన్షన్ లేదు. చప్పుడు మాత్రం పెరిగింది, లీటరుకి వచ్చే మైలేజీ కొంచెం తగ్గింది. పొగమంచుకి ఏ టైరూ ఏమీ చేయలేదు, ముందు లారీకి దూరంగా ఉండటమే.

గాలి విషయం మా ఊళ్లో ఎవరూ పట్టించుకోరు గానీ చెప్తాను. వేడి అయిదారు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పాయింటు (పీఎస్ఐ) గాలి తగ్గుతుంది. విజయనగరంలో మిట్టమధ్యాహ్నం సరిగ్గా కొట్టించినది ఇక్కడ తెల్లవారేసరికి తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే బండి తీయకముందు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం చూసుకోవాలి.

సెలవుల్లో మనాలి వైపు కారు వేసుకెళ్లేవాళ్లకి ఈ టైర్లు చాలవు. మంచు పడితే చక్రాలకి చైన్లు కట్టాల్సిందే, వేగనార్‌కైతే ముందు చక్రాలకి.

ఈ కొట్టుకి సంత రోజున మాత్రం వెళ్లకండి, బండి పెట్టడానికి చోటు దొరకదు.