ఏడేళ్లుగా పర్సులో ఉన్న వాగ్దాన కార్డు

2018 డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు పోయినప్పుడు, తిరుపతిలో మా చర్చిలో కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాట అని పళ్లెంలోంచి కళ్లు మూసుకుని తీసుకున్న కార్డు ఇది. డబ్బు పెట్టి కొన్నది కాదు. ముందువైపు బైబిల్లోని యిర్మీయా 29:11, 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అని. వెనక 2019 క్యాలెండర్.

లామినేషన్ గట్టిదే. వానలో తడిసింది, ఒకసారి పర్సుతో సహా బకెట్లో నానింది. మూలలు విచ్చుకున్నాయి గానీ అక్షరం చెరగలేదు.

చిక్కల్లా వాడకంలోనే వచ్చింది. ఆ జనవరిలో నాకు డీఎస్సీ ఎస్జీటీ పరీక్ష, అంటే గవర్నమెంటు బడుల్లో చిన్న తరగతుల టీచరు పోస్టుకు. కార్డు చూసి పోస్టు వచ్చేసిందనే అనుకున్నా. రాలేదు. ఆ ఎండాకాలం ప్రార్థన కూటాలకొచ్చిన ఒక ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి 'రెండేళ్లలో నీ చేతికి ఆర్డరు' అన్నాడు. రెండో ఏడు కరోనా వచ్చింది, నేను చెప్పే ప్రైవేటు బడిలో జీతాలే ఆగిపోయినాయి.

ఇంట్లో ప్రతిదానికీ నాది ఒకటే జవాబు: 'డీఎస్సీ రానీ, చూద్దాం.' కుట్టు మిషన్ కొనలేదు. బాడుగ ఇల్లని ఒక మొక్క కూడా పెట్టలేదు. మా అత్త ఒకరోజు అననే అనింది, "ఏమ్మే, కరేపాకు చెట్టు పెట్టుకునేదానికి గూడా గవర్నమెంటు ఆర్డరు రావల్లా?"

లాక్‌డౌన్‌లో ఊరికే కూర్చోలేక ఆ అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. కార్డు మీది వచనానికి సరిగ్గా పైన, పదో వచనంలో, వాళ్లు తిరిగి సొంత దేశానికి రావడం డెబ్బై ఏళ్లు గడిచాకే అని ఉంది! ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లే అంటాడు, అది అబద్ధమని అక్కడే తేలుతుంది. (మా కూటాల ప్రసంగం గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.) ఉత్తరంలో అయిదో వచనంలోనేమో యిర్మీయా ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి అంటాడు, పరాయి ఊళ్లో ఉన్నవాళ్లతో.

కీర్తన 27లో 'యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము' అని ఉంటుంది కదా. కనిపెట్టుకోవడమంటే గడప మీద కూర్చుని దారి చూడటమని నేననుకున్నా. మా వైపు పొయ్యి మీద పాలు కనిపెట్టుకోమంటే పక్కనే ఉండి, మంట తగ్గిస్తా, కలియబెడతా ఉండమని.

సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నాను. పాత పెయింటు డబ్బాలో కరేపాకు పెట్టాను. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, తర్వాత రద్దయింది. ఆ రోజు కూడా రెండు జాకెట్లు కుట్టి ఇచ్చాను. 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ రాశాను. మార్కులు చాలలేదు. నాతో చదువుకున్నామెకు వచ్చింది. వారం రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు, అబద్ధమెందుకు.

కార్డుకు అయిదుకు మూడున్నర ఇస్తాను. కోత పదో వచనం వేయనందుకు. దేవుని సమయానికి మార్కులు వేసే చదువు నాది కాదు. ఈ డిసెంబర్ 31కి కూడా కార్డు తీసుకుంటా, కాకపోతే ఇంటికొచ్చి పై వచనం, కింది వచనం చదివినాకే పర్సులో పెడతా.