సురక్ష క్లినిక్, ఐసీటీసీ: మందులకు తొమ్మిది, దారికి నాలుగు

గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసేది సురక్ష క్లినిక్, హెచ్‌ఐవీ పరీక్ష చేసేది ఐసీటీసీ. రెండూ ఉచితమే. మందులకు, పరీక్షలకు పదికి తొమ్మిది మార్కులు ఇస్తాం. ఆ గది దాకా చేరే దారికి మాత్రం నాలుగే. ఆ దారి తెలియకే చాలామంది కుర్రాళ్లు, అమ్మాయిలు సందు చివరి మెడికల్ షాపు దగ్గరే ఆగిపోతున్నారు.

షాపులో మూత్రం మంట, చీము అని చెబితే తరచూ చేతిలో పెట్టేది సిప్రోఫ్లాక్సాసిన్. సెగవ్యాధి (గనేరియా) దానికి లొంగడం ఏనాడో మానేసింది. సురక్షలో ఇచ్చేది బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండూ ఒక్కసారే మింగాలి. సిస్టర్ ఎదుటే మింగేయడం మేలు. గంటలోపు వాంతయితే మోతాదు పోయినట్టే, మళ్లీ వెళ్లి చెప్పాలి. భాగస్వామికి కూడా చికిత్స కావాలని అడగండి, అడగకపోతే ఒక్కోచోట ఆ మాటే ఎత్తరు. ఇద్దరూ మందు వేసుకుని వారం గడిచేదాకా కలవకూడదు. మందు పనిచేయలేదని తిరిగొచ్చినవాళ్లను కదిపితే చాలాసార్లు బయటపడేది ఇదే: ఒకరే వేసుకున్నారు.

కిట్లకు రంగులు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండ్లకు తెలుపు, నీటిపొక్కుల హెర్పిస్‌కు ఎరుపు. మందుల కిటికీ దగ్గర క్యూలో జబ్బు పేరు గట్టిగా చెప్పనక్కర్లేదు, రంగు చెబితే చాలు.

నొప్పిలేని పుండు వస్తే అశ్రద్ధ వద్దు. సవాయి (సిఫిలిస్) పుండు మందు లేకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది, రోగం మాత్రం రక్తంలో ఉండిపోతుంది. తెల్లకిట్‌లో ఉండే బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఇంజెక్షనే దానికి అసలు మందు. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, వాళ్లకు వేరే రంగు కిట్ ఉంది. సవాయిని పట్టే ఆర్‌పీఆర్ రక్తపరీక్ష కూడా రాయమనండి.

ఇక ఐసీటీసీ. పీహెచ్‌సీలో వేలికొనన రక్తం తీసి చూస్తారు. తేడా కనిపిస్తే పెద్ద కేంద్రానికి పంపి, మూడు వేర్వేరు పరీక్ష కిట్లతో చూశాకే పాజిటివ్ అని తేలుస్తారు. ఒక్క పరీక్ష చూసి ఎవరైనా అలా రాసిచ్చేస్తే నమ్మకండి. మొన్న శనివారం జరిగినదానికి ఈ సోమవారం వచ్చిన నెగటివ్ రిపోర్టునూ నమ్మకండి, మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. కౌన్సెలర్లు చాలావరకు ఓపికగానే మాట్లాడతారు. తలుపు తెరిచే ఉంచి “పెళ్లయిందా?” అని మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. తలుపు వేయమని అడగండి, తప్పేం లేదు.

దారి సంగతి. ఓపీ చీటీ దగ్గర జబ్బు చెప్పొద్దు, అబ్బాయిలు చర్మవ్యాధుల ఓపీ, అమ్మాయిలు గైనిక్ ఓపీ అంటే సరిపోతుంది. ఉదయాన్నే వెళ్లండి. తెలిసినవాళ్లు చూస్తారనే భయముంటే సొంత ఊరే అక్కర్లేదు. రాజోలువాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్లొచ్చు, అమలాపురంవాళ్లు కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లొచ్చు. ఏ ఊరివాళ్లకైనా పరీక్ష చేస్తారు.

అక్కడే పెట్టెలో నిరోధ్‌లు ఉచితంగా ఉంటాయి. తేదీ చూసి, ప్యాకెట్ నొక్కితే గాలి బుడగ తగిలితేనే తీసుకోండి. పర్సులోనో, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలోనో దాస్తే రబ్బరు పెళుసెక్కుతుంది. కోనసీమ ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనె. అది తగిలితే నిమిషాల్లోనే రబ్బరు బలం పోయి చిరుగుతుంది. నీటి ఆధారిత జెల్లీ వాడాలి. తొడిగేటప్పుడు కొన నొక్కి గాలి తీసేయాలి, పని అయ్యాక మొదలు పట్టుకుని వెంటనే బయటికి తీయాలి. రెండు తొడిగితే రెట్టింపు రక్షణ కాదు, రాపిడికి చిరగొచ్చు.

ఈ ఆసుపత్రులు బాగా వెనకబడింది పీఈపీ విషయంలో, అంటే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగాక అది అంటకుండా వాడే మందుల విషయంలో. ప్రమాదం జరిగాక ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. రోజూ మానకుండా 28 రోజులు వాడాలి. ఆ తొందర ఓపీ క్యూకి పట్టదు. నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి “పీఈపీ కావాలి” అని పేరు పెట్టి అడగాలి.

18 నిండనివాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష చేయాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి కావాలి. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగకుండా ముందే 1097కి ఫోన్ చేసి కనుక్కోండి, ఆ కాల్ ఉచితం.