నొక్కకముందు రెండు సెకన్లు: నాలుగేళ్ళ వాడకం తర్వాత నా రికార్డర్

నా రికార్డర్‌లో నాకు ప్రాణమైనది ఒక్కటే: ప్రీ-రికార్డ్. ఈ చేతి రికార్డర్ ఒక్కదానితోనే నాలుగేళ్ళుగా ఆడియో డాక్యుమెంటరీలు చేయడం నేర్చుకుంటున్నాను. మైకులు ఎన్ని, బరువెంత, ఏ కార్డు పడుతుంది వంటివన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. యంత్రం పేరు కూడా చెప్పడం లేదు. నేను రాయబోయే మంచీ చెడూ ఈ పద్ధతిలో పనిచేసే చాలా రికార్డర్లకు వర్తిస్తాయి.

ఈ సదుపాయాన్ని ఎప్పుడూ వాడనివారి కోసం కొంచెం చెప్పాలి. ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే యంత్రం స్టాండ్‌బైలోకి వెళ్తుంది, దీపం మిణుకుమిణుకుమంటుంది. అప్పటి నుంచి అది వింటూనే ఉంటుంది. విన్నదాన్ని కార్డు మీద రాయదు, తన చిన్న మెమరీలో తిప్పుకుంటూ ఉంటుంది. కొత్త శబ్దం వచ్చేకొద్దీ పాతది చెరిగిపోతుంది. ఏ క్షణంలో చూసినా చివరి రెండు సెకన్లు మాత్రం దాని దగ్గర ఉంటాయి. రెండోసారి నొక్కగానే ఆ రెండు సెకన్లను ముందు రాసి, అక్కడి నుంచి రికార్డింగ్ కొనసాగిస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో నాణ్యతలో ఆ రెండు సెకన్లు 576 కిలోబైట్లు. కార్డులో ఒక మంచి ఫోటోకు పట్టేంత చోటు కూడా కాదు.

ఆ రెండు సెకన్ల విలువ నాకు తెలిసింది ఒక పెద్దాయన ఇంట్లో. ఆయన సినిమా హాలులో ఆపరేటర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మొదటి రోజు ఇంటర్వ్యూ ముగిసింది, రికార్డింగ్ ఆపేశాను, వైర్లు చుట్టబోతున్నాను. ఎందుకో వెళ్ళేవరకు స్టాండ్‌బైలో ఉంచుదామనిపించింది. ఆయన మంచం కింద నుంచి ఒక గుండ్రటి రేకు డబ్బా లాగారు. పాత రీలు డబ్బా. మూత కిరకిరమంటూ తెరుచుకోవడం మొదలైంది, వెంటనే బటన్ నొక్కాను. రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కిరకిర కంటే ముందు మరొకటి ఉంది: తుప్పు పట్టిన మూత అంచు ఎక్కడుందో వెతుకుతున్న గోళ్ళ చప్పుడు. గర్, గర్, ఒక చిన్న విరామం, మళ్ళీ గర్. ఆ విరామంలో ఆయన ఊపిరి. ఎదురుగా కూర్చుని కూడా నేను వినలేదు, ఆ సమయంలో నా చూపంతా డబ్బా మీదే ఉంది.

నా కథ ఆ గోళ్ళతోనే మొదలవుతుంది. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు. అంతకుముందు నేను చేసిన కథలన్నీ “ఈయన ముప్పై ఏళ్ళుగా” అనే తరహా పరిచయ వాక్యంతో మొదలయ్యేవి. దృశ్యం ఎక్కడ మొదలవుతుందో పుస్తకాలు చదివి, పాఠాలు విని తెలుసుకోవాలని చూశాను. చివరికి తెలిసింది దీనివల్లే. మనం గుర్తించే సరికి దృశ్యం అప్పటికే మొదలై ఉంటుంది. మాట కంటే ముందు ఊపిరి ఉంటుంది, తలుపు కంటే ముందు గడియ ఉంటుంది. ఎడిటింగ్‌లో నా కత్తెర కూడా దీని తర్వాతే మారింది. మాట దగ్గర కాకుండా, మాటకు ముందున్న ఊపిరికి కూడా ముందు కోయడం అలవాటైంది. ఊపిరిని సగంలో నరికితే మనిషి ఉలిక్కిపడి మాట్లాడినట్టు ఉంటుంది. రెండు ఊపిర్లు పక్కపక్కన అతికితే ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. నెలల తరబడి నా కథలు ఎందుకు అతుకుల బొంతల్లా వినిపించాయో అప్పుడు అర్థమైంది.

1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ గగననౌక మంటల్లో కూలినప్పుడు రేడియో విలేకరి హెర్బర్ట్ మారిసన్ గొంతులో పుట్టిన దుఃఖం ఈ రోజుకూ వినగలుగుతున్నాం. చాలామంది అనుకున్నట్టు అది ప్రత్యక్ష ప్రసారం కాదు. ఆయనా, ఇంజనీరు చార్లెస్ నెల్సనూ నౌక మామూలుగా దిగడాన్ని డిస్కు మీద రికార్డు చేసుకుంటున్నారు, ప్రసారం తర్వాత జరిగింది. డిస్కు ముందే తిరుగుతూ ఉంది కాబట్టే ప్రశాంతంగా వర్ణిస్తున్న గొంతు ఒక్కసారిగా విరిగిపోవడం దానిమీద పడింది. మంట చూశాక మొదలుపెట్టి ఉంటే అరుపు మాత్రమే మిగిలేది, ఆ అరుపుకు ముందున్న నెమ్మది పోయేది. ఆ రికార్డింగ్‌లో నన్ను ప్రతిసారీ పట్టేసేది ఆ నెమ్మదే.

ఇక నేను పోగొట్టుకున్నదాని గురించి.

ఆపరేటర్ గారి దగ్గరికి రెండోసారి వెళ్ళాను. హాలులో ఫిల్ము ప్రొజెక్టర్లు తీసేసి డిజిటల్ యంత్రం పెట్టే ముందు రాత్రి, అంటే ఫిల్ము మీద ఆడిన చివరి ఆట గురించి చెబుతానన్నారు. కథకు అదే గుండె అని ఇద్దరికీ తెలుసు. మైకు ఆయన నోటికి జానెడు దూరంలో పెట్టాను. స్థాయిలు సరిచూశాను. ఎర్ర బటన్ నొక్కాను, దీపం వెలిగింది, ఆయన మొదలుపెట్టారు.

నలభై నిమిషాలు మాట్లాడారు. రీలు ముగిసే ముందు తెర కుడి పైమూలన వచ్చే రెండు చుక్కల గురించి చెప్పారు. మొదటి చుక్కకు రెండో ప్రొజెక్టర్ మోటారు తిప్పాలి, ఏడెనిమిది సెకన్ల తర్వాత వచ్చే రెండో చుక్కకు బొమ్మను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చాలి. ఆ మధ్య సమయంలో రెండో యంత్రం చీకట్లోనే తిరుగుతూ వేగం పుంజుకుంటుంది, హాలులో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి చివరి చుక్క వచ్చినప్పుడు మార్చడానికి మరో రీలు లేదనీ, అలవాటుగా చెయ్యి మాత్రం పక్క యంత్రం మీదికి వెళ్ళిందనీ చెప్పి ఆగిపోయారు. చాలాసేపు ఆగారు. తర్వాత, జనం వెళ్ళిపోయాక ఆ రీలును మళ్ళీ మొదటికి చుట్టిపెట్టానన్నారు. ఎవరూ ఎప్పటికీ ఆడించని రీలు. నేను ఏమీ అడగలేదు. అడగకపోవడమే అప్పటికి నేను నేర్చుకున్న పెద్ద విద్య.

“అంతే అమ్మా” అన్నారు. ఆపుదామని యంత్రం వైపు చూశాను. దీపం మిణుకుమిణుకుమంటోంది. రికార్డయిన సమయం చూపే అంకెల దగ్గర అన్నీ సున్నాలు.

ఒక్కసారే నొక్కాను. నలభై నిమిషాలూ యంత్రం స్టాండ్‌బైలోనే ఉంది. స్టాండ్‌బైలో హెడ్‌ఫోన్లలో శబ్దం పరిశుభ్రంగా వినిపిస్తుంది, లెవెల్ మీటర్లు మాటకు తగ్గట్టు ఆడతాయి, ఎర్ర దీపం కూడా వెలిగి ఆరుతూ ఉంటుంది. రికార్డు అవుతోందనడానికి మనిషి చూసుకునే గుర్తులన్నీ ఉన్నాయి, అంకెలు కదలడం తప్ప. తప్పు నాదే, కాదనను. కానీ వినడానికీ రాయడానికీ మధ్య తేడాను ఒక దీపం మిణుకులో మాత్రమే దాచిపెట్టిన ఏర్పాటు మీద నా కోపం ఈ రోజుకూ చల్లారలేదు.

గాభరాలో నా వేలు మళ్ళీ ఎర్ర బటన్ మీదే పడింది. అంకెలు కదిలాయి.

ఆయనకు నిజం చెప్పాను. ఏ మాత్రం విసుక్కోకుండా “దానిదేముందమ్మా, మళ్ళీ చెబుతాను” అన్నారు. చెప్పారు కూడా. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. అన్నీ వరుసగా ఉన్నాయి, ఏదీ తప్పు లేదు. కానీ ప్రతి మలుపులోనూ “ఇందాక చెప్పానుగా” అన్నారు. రీలు చుట్టిన సంగతి మూడు ముక్కల్లో తేలిపోయింది. మొదటిసారి ఆయన ఆ రాత్రిని చూస్తూ చెప్పారు. రెండోసారి నాకు చెప్పిన మాటలను గుర్తు చేసుకుంటూ చెప్పారు. అడిగితే సమాచారం మళ్ళీ వస్తుంది, ఆ మౌనం మాత్రం రాదు.

రాత్రి ఫైలు తెరిచాను. గాభరాలో నొక్కిన ఆ నొక్కుకు ముందున్న రెండు సెకన్లు కార్డు మీద ఉన్నాయి. “అంతే అమ్మా” అనే మాటలో చివరి సగం, ఆ తర్వాత ఒక పొడవైన నిట్టూర్పు మొదలు. నలభై నిమిషాల్లో నాకు మిగిలింది అది. కథలో ఆ చోటికి వచ్చేసరికి నా గొంతుతో చెప్పాను, చివరి ఆట గురించి ఆయన చెప్పింది రికార్డు కాలేదని, నాకు గుర్తున్నంత మేరకు చెబుతున్నానని. అది ముగిశాక ఆ రెండు సెకన్లు పెట్టాను. ఆయన ఇంట్లోనే, ఆయన పక్కన కూర్చుని ఆ కథ విన్నాం. ఆ నిట్టూర్పు దగ్గర ఆయన తల ఊపారు.

కాబట్టి ఈ సదుపాయాన్ని తిట్టనూ లేను, పైన పొగిడినంతగా పొగడనూ లేను. రేకు డబ్బా సంగతిలోనూ కొంత దాచాను. బటన్ నొక్కితే ఆ నొక్కు చప్పుడు యంత్రం ఒంటిలోంచి మైకులోకి చేరుతుంది, అది సరిగ్గా మనం కాపాడుకోవాలనుకున్న క్షణం మీదే పడుతుంది. గోళ్ళ చప్పుడు శుభ్రంగా దొరికింది, కిరకిర మీద మాత్రం నా వేలి దెబ్బ పడింది. ఆయన చేత మూత మరోసారి తెరిపించి, ఆ కిరకిరను మొదటి గోళ్ళకు అతికాను. విన్నవాళ్ళెవరూ పట్టుకోలేదు, నాకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఇప్పుడు వైరు రిమోట్ వాడుతున్నాను, వేలి దెబ్బ చాలావరకు తగ్గింది. మరో చిక్కు బ్యాటరీ. స్టాండ్‌బైలో మైకులు మేలుకునే ఉంటాయి కాబట్టి రికార్డింగ్‌లో ఖర్చయినట్టే ఖర్చవుతుంది. నా యంత్రంలో శబ్దాలను నాలుగు వేరువేరు వరుసల్లో రాసే నాలుగు ట్రాకుల పద్ధతిలో ప్రీ-రికార్డ్ పనిచేయదు కూడా.

కార్డుల్లో ఇంత చోటున్న రోజుల్లో ఇంటి గుమ్మం తొక్కినప్పటి నుంచి నిరంతరాయంగా రికార్డు చేసుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన మాటే. తోడు మనిషి ఉండి, విని పట్టిక రాసుకునే తీరిక ఉంటే అదే మంచిది, నాకు జరిగిన నష్టం వాళ్ళకు జరగదు. నేను ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఒంటరిగా ఈ పని చేస్తాను. ఐదు గంటల రికార్డింగ్‌ను వినడానికి ఐదు గంటలు కావాలి, నాకు రోజుకు ఒకటిన్నర దొరుకుతుంది. అందుకే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించేటప్పుడు ప్రీ-రికార్డ్ పూర్తిగా ఆపేస్తాను, బటన్ నొక్కితే నేరుగా రికార్డింగ్ మొదలయ్యేలా పెట్టుకుంటాను. మాటలు అయిపోయి, వాళ్ళు లేచి ఇంట్లో తిరగడం మొదలుపెట్టాక మళ్ళీ వేస్తాను. స్టూడియోలో రాసుకున్నది చదివేవారికి దీనితో పనే పడదు. నాలాగా ఇళ్ళలో, పని చోట్ల ఒక్కరే తిరిగి శబ్దం ఏరుకునేవారైతే కొనేటప్పుడు ఇది ఉందో లేదో చూసుకోండి. స్టాండ్‌బైకీ రికార్డింగ్‌కీ దీపం రంగు మారే యంత్రం దొరికితే నా యంత్రం కంటే అదే మేలు.

నేను మాత్రం ఇంకా దీన్నే వాడుతున్నాను. ఎర్ర దీపం పక్కన తెల్ల టేపు ముక్క అంటించి “అంకెలు” అని రాసుకున్నాను. రెండుసార్లు చెరిగిపోతే రెండుసార్లూ మళ్ళీ రాశాను.