డిస్క్‌మాస్టర్: పాత ఫైళ్లను వాటి సొంత చోటే చూపించే వెదుకులాట సేవ

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో పాత సీడీ-రామ్‌ల, ఫ్లాపీల ప్రతిరూపాలు (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నకళ్లు) వేల సంఖ్యలో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరెవరో ఓపికగా వాటిని అక్కడికి ఎక్కించారు. అయితే డిస్కు పేరు తెలిసినవారికే ఆ సంపద అందేది. లోపలి ఫైలు ఒక్కటి కావలసినవారు వందల మెగాబైట్ల ప్రతిరూపాన్ని పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకుని, తెరిచి, అందులోని జిప్ ఫైళ్లను ఒక్కొక్కటిగా విప్పి చూసుకోవలసి వచ్చేది. ఆ శ్రమనంతా తానే పడి, ఫలితాన్ని వెదకడానికి వీలుగా మన ముందు ఉంచిన ఉచిత సేవ డిస్క్‌మాస్టర్. పాత కంప్యూటరు ఫైళ్లను భద్రపరిచే టెక్స్ట్‌ఫైల్స్ డాట్ కామ్ నీడన 2022 అక్టోబరులో మొదలైనప్పుడే ఇందులో 9 కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. దీన్ని నిర్మించినవారు తమ పేర్లు ప్రకటించుకోలేదు. కొన్ని వారాలపాటు దాదాపు రోజూ వాడిన మీదట, తొలినాటి ఫైళ్ల భాండాగారాలకు సూచిక ఎలా ఉండాలో తెలుసుకోగోరేవారు ముందుగా చూడవలసింది దీన్నేనని నాకు నమ్మకం కలిగింది.

ఈ మాట బరువు తెలియాలంటే ఆర్చీ అనే తొలినాటి ఫైళ్ల వెదుకులాట సేవను తలచుకోవాలి. 1971లో అభయ్ భూషణ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 114 అనే సాంకేతిక పత్రంతో, నెట్‌వర్క్ మీద ఫైళ్లను పంపుకునే ఎఫ్‌టీపీ పద్ధతికి తొలి రూపం ఏర్పడింది. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్లపాటు, ఏ సర్వరులో ఏ ఫైలుందో తెలియాలంటే తెలిసినవారిని అడగాలి, లేదా ఎవరో చేతితో కూర్చిన జాబితాలను తిరగేయాలి. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్‌టాజ్ ప్రారంభించిన ఆర్చీ, ఎవరైనా ప్రవేశించగల ఎఫ్‌టీపీ సర్వర్ల నుండి ఫైళ్ల పట్టికలను ఎప్పటికప్పుడు తెచ్చుకుని, అన్నిటినీ ఒకేచోట వెదకనిచ్చింది. దాని మేలు అంతా ఇంతా కాదు. అయినా ఆర్చీ చూడగలిగింది పట్టికనే గాని ఫైలును కాదు. డాస్ అనే ఆనాటి పీసీ నిర్వహణ వ్యవస్థ కాలపు ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, పొడిగింపుకు (చుక్క తరువాత వచ్చే, ఫైలు రకాన్ని తెలిపే భాగానికి) మూడు అక్షరాలు మాత్రమే దక్కేవి కనుక, పేరు ముందే తెలియని మనిషికి ఆ పట్టిక పెద్దగా ఏమీ చెప్పలేకపోయేది. ఆ లోటు కోసం ‘వాటిజ్’ అనే వివరణల పట్టిక ఒకటి ఆర్చీలో ఉండేది గాని, దాన్ని మనుషులే నింపాలి.

డిస్క్‌మాస్టర్ ఈ లోటును మరో వైపు నుండి పూడ్చింది. అది ఫైలునే తెరుస్తుంది. జిప్‌లో జిప్ ఉన్నా, ఆర్క్, ఎల్‌హెచ్‌ఏ, జూ వంటి ఈనాడు దాదాపు ఎవరూ వాడని పద్ధతులలో కుదించినా విప్పి, లోపలివాటిని కూడా విడివిడిగా సూచికలో చేర్చుతుంది. పొడిగింపును నమ్మకుండా లోపలి బైట్లను చూసి ఫార్మాట్‌ను పోల్చుకునే డెక్స్‌వర్ట్ అనే ఓపెన్ సోర్స్ పరికరం దీనికి ఆధారం. ఆనాటి బొమ్మలను, ధ్వనులను, పత్రాలను నేటి బ్రౌజరు చూపగల రూపంలోకి మార్చిపెట్టేదీ అదే. నేను మొదట పెట్టిన పరీక్ష కఠినమైనదే: డాస్‌లో ఫైళ్లు చదువుకోవడానికి 1983 నుండి చాలామంది వాడిన ‘లిస్ట్’ అనే చిన్న ప్రోగ్రామును వెదికాను. ఇంత సాధారణమైన పేరుతో వెదికితే ప్రతి డిస్కులోని ప్రతి జాబితా ఎదురుపడుతుంది. ఫైలు రకాన్ని, పరిమాణాన్ని, తేదీని పరిమితం చేసుకుంటూ పోయేసరికి కుప్ప తరిగి, ఆ ప్రోగ్రాము వేర్వేరు కూర్పులు వరుసగా కనిపించాయి. పేరు ఒక్కటే అయినప్పుడు కూర్పులను వేరుచేసేవి పరిమాణమూ తేదీయే. ఆ రెండింటినీ వెదుకులాటలో భాగం చేయడం, ఈ భాండాగారాలను ఎరిగినవారు మాత్రమే తీసుకోగల నిర్ణయం.

నాకు అన్నిటికంటె ఎక్కువగా నచ్చిన గుణం వేరే ఉంది. ఫలితంగా వచ్చిన ఫైలు ఏ డిస్కులో, ఏ ఫోల్డరులో, ఏ ఫైళ్ల పక్కన ఉండేదో అక్కడికే వెళ్లి చూడవచ్చు. బయటివారికి ఇది చిన్న సౌకర్యంగా తోచవచ్చు గాని, పాత ఫైలుకు అర్థం చాలావరకు దాని ఇరుగుపొరుగులోనే ఉంటుంది. ఫోల్డరు మొదట్లో ఉండే సూచిక ఫైలులో ఒక్కో ఫైలుకు ఒక్కో వాక్యం రాసి ఉంటుంది. జిప్ లోపల ‘ఫైల్ ఐడీ డాట్ డిజ్’ అనే పాఠ్య ఫైలులో, వరుసకు 45 అక్షరాలు మించకుండా, పది వరుసలలో, రచయిత తన ప్రోగ్రాము దేనికి పనికివస్తుందో చెప్పుకుని ఉంటాడు. ఆ పది వరుసల కోసం అతడు ఎంత పొదుపుగా మాటలను ఎంచుకున్నాడో చదువుతుంటే, ఆనాటి మనుషులు తమ పనిని పరాయివారి చేతిలో పెట్టడానికి పడిన తాపత్రయం కళ్లకు కడుతుంది. ఫైలును చోటు నుండి పెరికి ఒంటరిగా చూపే సూచికలో ఇది దక్కదు.

తేదీల విషయంలో మాత్రం వాడేవారు జాగ్రత్తగా ఉండాలి. ఇది సేవ తప్పు కాదు, సామగ్రి స్వభావం. డాస్ ఫైళ్ల తేదీలు 1980 జనవరి 1తో మొదలవుతాయి. గడియారం సరిచేయని యంత్రంలో పుట్టిన ఫైలు ఎప్పటిదైనా ఆ తేదీనే మోస్తూ తిరగవచ్చు. ఎఫ్‌టీపీ పట్టికల చిక్కు ఇంకా సూక్ష్మమైనది: ఆనాటి సర్వర్లలో చాలావాటిని నడిపిన యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ పద్ధతి పట్టికలో గత ఆరు నెలల ఫైళ్లకు సంవత్సరానికి బదులు గంటలు, నిమిషాలు పడతాయి. ఆ పట్టికను ఎప్పుడు తీశారో రాసి పెట్టుకోకపోతే సంవత్సరం ఏదో ఊహించుకోవలసిందే. అందుకే ఇటువంటి సూచికను కొత్తగా రూపొందించేవారు ఫైలు చెప్పుకునే తేదీని, పట్టికలో కనిపించిన తేదీని, దాన్ని మనం చూసిన తేదీని మూడు వేర్వేరు గడులలో ఉంచాలి. ఒకదానితో ఇంకొకదాన్ని సరిదిద్దితే తిరిగి వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

పేర్లకూ ఇదే గతి పట్టింది. సీడీ-రామ్‌ల ఐఎస్ఓ 9660 ప్రమాణంలోని తొలి స్థాయి, పేరులో ఒక్క చుక్కనే ఒప్పుకుంటుంది. యూనిక్స్ సర్వర్లలో రెండు మూడు చుక్కలతో పొడవుగా ఉన్న పేర్లు డిస్కుకెక్కేటప్పుడు కత్తిరింపుకు గురయ్యాయి. కొన్ని డిస్కులలో ‘ట్రాన్స్ డాట్ టీబీఎల్’ అనే పట్టిక అసలు పేర్లను దాచి ఉంచుతుంది. పాత పేరుతో వెదికి ఏమీ దొరకనప్పుడు నిరాశపడకుండా దాన్ని చూడాలి. బైట్ల నుండి లెక్కగట్టిన చెక్‌సమ్‌ను ఫైలుకు గుర్తుగా పెట్టుకుని, అది మోసిన పేర్లన్నిటినీ దాని కింద చేర్చే సూచికను ఎవరైనా తలపెడితే నేను సంతోషంగా చేయి కలుపుతాను.

డిస్కు అనేది ఆయా తేదీన ఆగిపోయిన ఛాయాచిత్రం వంటిదని కూడా గుర్తుంచుకోవాలి. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో నడిచిన సిమ్‌టెల్-20 అనే ఉచిత ప్రోగ్రాముల భాండాగారం 1993లో మూతపడింది; దాని సంతతి మొదట వాల్‌నట్ క్రీక్ సీడీ-రామ్ అనే డిస్కుల సంస్థ సర్వరులో, తరువాత ఇతరుల చేతుల్లో బతికి, 2013 మార్చిలో పూర్తిగా ఆగింది. ఈనాడు దాని ఫైళ్లు మనకు ప్రధానంగా అమ్మకానికి ముద్రించిన డిస్కుల ద్వారానే చేరుతున్నాయి. రెండు ముద్రణల మధ్య వచ్చి పోయిన ఫైళ్లను డిస్కుల మీద ఆధారపడే ఏ సూచికా చూపలేదు. ఇక సజీవంగా మిగిలిన ఎఫ్‌టీపీ సర్వర్లకు వెళ్లే దారులు కూడా ఇరుకయ్యాయి. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీని వదిలేశాయి.

దొరికిన ప్రోగ్రాములను నడపదలచినవారు పాత కంప్యూటరును అనుకరించే డాస్‌బాక్స్ వంటి ప్రోగ్రాములోనే నడపాలి, ఎందుకంటే పాత డిస్కులలో పాత వైరస్‌లూ ఉంటాయి. షేర్‌వేర్‌గా, అంటే ముందు వాడి చూసి నచ్చితే డబ్బు చెల్లించే పద్ధతిలో, పంచిన ఫైలుకు హక్కుదారు ఉంటాడన్న సంగతినీ మరువకూడదు.

మొదటిసారి వాడేవారికి నా సలహా ఒక్కటే. వెంటనే ఏదో పేరుతో వెదకకుండా, ఏదైనా ఒక షేర్‌వేర్ డిస్కును తెరిచి, దాని మూల ఫోల్డరులోని సూచిక ఫైలును పూర్తిగా చదవండి. ఆనాటివారు ఫైళ్లను ఏ మాటలతో వర్గీకరించుకున్నారో తెలిశాక వెదుకులాట పెట్టెలో ఏ మాట వేయాలో మీకే తోస్తుంది.