నాణేలకా, బంగారానికా: మొదటి మెటల్ డిటెక్టర్

నేలలోని లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్లలో గారెట్ ఏస్ 400 పనిచేసేది 10 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 మాత్రం 45 మీద. అసలు తేడా అక్కడే. రాగి, వెండి నాణేలకు తక్కువ ఫ్రీక్వెన్సీ చాలు. బియ్యపు గింజంత బంగారానికి ఎక్కువదే కావాలి.

చిత్తూరు ఎర్రనేలల్లో ఇనుము ఎక్కువ. ఏస్‌లో గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు కూయకుండా చేసే సర్దుబాటు) ఫ్యాక్టరీలోనే పెట్టేసి ఉంటుంది, మనం మార్చలేం. ఊరికే కూస్తుంటే సెన్సిటివిటీ రెండు గీతలు తగ్గించి, కాయిల్‌ను (కింద ఉండే చట్రాన్ని) నేలకు రెండు వేళ్ల ఎత్తులో, చివర్లు పైకి లేవకుండా తిప్పండి. మాన్‌స్టర్ నేలకు తగ్గట్టు తనే సర్దుకుంటుంది, కానీ ఏస్‌లా దొరికిన లోహం ఏదో చెప్పే అంకె చూపదు.

ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలు. ఇనుమును వదిలేసే సెట్టింగ్ పెడితే అవీ తప్పిపోవచ్చు. సిగరెట్ రేకుకు వచ్చే అంకెలకు కూయకుండా ఆపేశారో, అవే అంకెలు చూపే సన్న ఉంగరం కూడా పోయినట్టే!

తిరుపతి చుట్టుపక్కల మొదలుపెట్టేవాళ్లకు ఏస్ నయం. కుప్పం వైపు చిగురుగుంటలో బంగారు గని నడిచిన మాట నిజమే, కానీ రాతిలో కలిసిపోయిన సన్న రవ్వను ఈ రెండూ పట్టలేవు. చంద్రగిరి కోట లాంటి రక్షిత స్థలాల్లో తవ్వొద్దు. 1878 నిధుల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి.